వాటా అందని పిల్ల

మా పిల్ల లోవ నడినెత్తి మీద ముక్కు పెట్టి వాసన చూస్తేగాని నాకు తెల్లారినట్టుండేది కాదు. కళ్ళు పూర్తిగా తెరవకముందే చెయ్యి చాపి దాన్ని దగ్గరికి లాక్కునేదాన్ని. కొబ్బరినూనె వాసన, చెమట వాసన, నిద్ర వాసన. వాటి అడుగున ఇంకేదైనా ఉందా అని వెతికేదాన్ని. తడిసిన గోనెసంచిలో ఎలకలు కాపురం పెడితే వస్తుందే, ఆ వాసన. లేదనుకుంటే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేదాన్ని. అనుమానమొస్తే మా బావని లేపేదాన్ని.

"ఓసారి నువ్వు చూడు బావా."

"నిన్న కూడా ఇలాగే లేపావు," అంటూనే లేచి కూతురి నెత్తి వాసన చూసేవాడు. "సాంబ్రాణి వాసనే ఇది. రాత్రి మా అమ్మ ధూపం వేసింది కదా." మళ్ళీ ముసుగు తన్నేసేవాడు.

బావంటే నా మొగుడే. మా నాన్న అక్క అప్పాయమ్మ కొడుకు. పదో తరగతి మధ్యలో నా చదువు మాన్పించి, ఈడు రాగానే మా అత్త ముచ్చటపడి కోడల్ని చేసుకుంది. "మన రక్తం మన ఇంట్లోనే ఉంటుంది" అని పిఠాపురంలో వీధి వీధంతా చెప్పుకుంది. నిజంగానే ఉంది. నా రక్తంలో ఒక తప్పు, బావ రక్తంలో అదే తప్పు. రెండూ వచ్చి లోవలో కలిశాయి.

పుట్టినప్పుడు తెల్లగా, రాగి తీగెల్లాంటి జుట్టుతో పుట్టింది. "దొరసాని పుట్టిందే తాయారూ!" అని చూడటానికొచ్చిన వాళ్ళంతా బుగ్గలు పుణికారు. ఆ రంగు కూడా జబ్బులో భాగమేనని బోర్లా పడాల్సిన వయసులో మూర్ఛలొచ్చినప్పుడు తెలిసింది. పప్పులో, పాలల్లో, గుడ్డులో, చేపలో ఉండే ఒకానొక ముక్క మనందరి ఒంట్లో విరిగి అరిగిపోతుంది. లోవ ఒంట్లో విరగదు. విరిచే కత్తెర దానికి పుట్టుకతోనే లేదు. ఆ ముక్క పేరుకుపోయి మెదడుని తినేస్తుంది. ఎలక వాసన వచ్చిందంటే అర్థం అదే.

దానికి మందు కాకినాడలో ఎస్తేరు మేడంగారి లేబులో దొరికింది. మందంటే బిళ్ళ కాదు, సూది కాదు. తరవాణి.

అన్నం వార్చిన గంజి చల్లార్చి కుండలో పోస్తే, కుండలో ఉన్న పాత పులుపు తెల్లారేసరికి దాన్నీ పులియబెడుతుంది. కావలసినంత తీసుకుని మళ్ళీ గంజి పోస్తాం. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు. కాపురానికొచ్చినప్పుడు పుట్టింటినుంచి తెచ్చుకున్న పులుపే ఇంకా నడుస్తోందని మా అత్త గొప్పగా చెప్పుకుంటుంది. ఆ పులుపంతా కంటికి కనపడని సూక్ష్మజీవుల పని. మేడంగారు వాటిలో ఒక రకాన్ని పట్టుకుని, లోవకి లేని కత్తెర దానికి నేర్పారు. పొద్దున్నే ఓ గ్లాసుడు తాగిస్తే, ఆ రోజంతా పొట్టలో ఉండి ఆ పాడు ముక్కని అదే విరిచేస్తుంది. మర్నాడు ఇంకో గ్లాసు.

"మా కుండకి చదువు చెప్పించిందే ఆ మహాతల్లి!" అని మా అత్త లేబు ఉన్న దిక్కుకి దణ్ణం పెట్టింది.

కాని కుండ ఆ చదువు మర్చిపోయేది. ఒక కుండ రెండు నెలలకే, ఒకటి ఆర్నెల్లకి. చెప్పాపెట్టకుండా. పులుపు మామూలుగానే ఉంటుంది, తెల్లగా మామూలుగానే ఉంటుంది, లోపల పని మాత్రం ఆగిపోయి ఉంటుంది. అందుకే పొద్దున్నే నా ముక్కు, దాని నెత్తి. లేబుకి వారానికోసారి రక్తం చూపించడానికి వెళ్తాం గాని, వారమంటే మెదడుకి చాలా ఎక్కువ.

"ఎందుకు మర్చిపోతుందండీ?" అని ఒకసారి మేడంగారిని అడిగాను. నా నోట్లోంచి అది అడిగినట్టు రాలేదు, దెబ్బలాడినట్టు వచ్చింది.

ఆవిడ నొచ్చుకోలేదు. "రా, చూద్దువుగాని," అని లోపలికి తీసుకెళ్ళి తెర ముందు కూర్చోబెట్టారు. తెర మీద బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయి. ఒక్కోదాని కడుపులో ఒకటో రెండో వెలుగు చుక్కలు, మిణుగురుల్లా.

"ఆ చుక్కలు ఉన్నాయే, అవే దిద్దేవాళ్ళు. ఈ జీవి రెండుగా చీలే ముందు లోపలి రాతంతా తిరగరాసుకోవాలి. రాసేటప్పుడు తప్పులు పడతాయి. విషం పడక్కర్లేదు, ఎండ తగలక్కర్లేదు, ఊరికే ఉన్నా పడతాయి. ఈ ప్రోటీన్లు రాత వెనకాలే తిరుగుతూ దిద్దుకుంటూ పోతాయి."

"మరింకేం?"

"దీన్ని చూడు."

ఒక గింజకి నడుం దగ్గర నొక్కు పడింది. నొక్కు లోతయింది. లోపలున్న రెండు చుక్కలూ ఎడమవైపే ఆడుకుంటున్నాయి. గింజ తెగి రెండయింది. ఎడమ పిల్ల వెలుగుతూ పోయింది. కుడి పిల్ల చీకటిగా విడిపోయింది.

"అయ్యో! దానికేం పెట్టకుండానే పంపేసిందేంటండీ?"

మేడంగారు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు. "ఉన్నవే ఒకటీ రెండూ. చీలేటప్పుడు ఎటుంటే అటే పోతాయి. తల్లి చేతుల్లో ఏమీ లేదు తాయారూ. ఆ చీకటి పిల్ల దిద్దేవాళ్ళని మళ్ళీ తనంతట తను చేసుకునేలోపల పడిన తప్పు పడినట్టే ఉండిపోతుంది. ఆ తప్పు మన కత్తెర రాత మీద పడిందనుకో, కత్తెర మోసే బరువు తప్పింది కాబట్టి మిగతావాటికంటే గబగబా పెరుగుతుంది. కొన్నాళ్ళకి కుండ నిండా దాని సంతానమే."

నేను చాలాసేపు ఆ చీకటి పిల్లనే చూశాను.

"మా లోవ తప్పు కూడా ఇలాగే పడిందాండీ?"

"మీ ముత్తాతలకి ముందు ఎవరికో. ఇలాగే. ఎవరూ ఏ పాపం చెయ్యకుండానే."

గ్రహణం నాడు కూర తరిగానని మా అత్త అనుకునేది. నెల తప్పాక బస్సెక్కానని మా అమ్మ అనుకునేది. నేను రెండూ అనుకునేదాన్ని. ఆ రెంటినీ ఆ తెర ముందే వదిలేసి ఇంటికొచ్చాను.

మేడంగారు మాత్రం ఆ చీకటి పిల్లని వదల్లేదు. తరవాతి ఏడాదికి కొత్త పులుపు తయారుచేశారు. జీవి చీలే ముందు దిద్దేవాళ్ళని చెరో కొసకీ కట్టేసే దారంలాంటి ఏర్పాటు ఒకటి దానికి పెట్టారట. ఏ పిల్లా ఉత్త చేతుల్తో పోదు. లేబువాళ్ళు దానికి ఏవో అంకెల పేరు పెట్టారు. పిల్లల తల్లులం మేం మాత్రం 'సమవాటా పులుపు' అనుకునేవాళ్ళం.

అది మర్చిపోలేదు. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, మళ్ళీ వానలొచ్చాయి. ఏ ఇంట్లోనూ ఏ కుండా మర్చిపోలేదు. శ్రావణంలో మేడంగారు, "కొంచెం కొంచెంగా పప్పు మొదలుపెట్టు తాయారూ," అన్నారు.

మా అత్త మడి కట్టుకుని మరీ కందిపప్పు వండింది. నెయ్యేసి కలిపి, లోవకి మొదటి ముద్ద పెట్టింది. లోవ నోట్లో అటూ ఇటూ తిప్పి, తుపుక్కున ఊసేసింది.

"మట్టిలా ఉంది నానమ్మా."

"దీని జిమ్మడ! నాలుగేళ్ళ నుంచి ఈ ముద్ద కోసం తలుపులమ్మ కొండకి ముడుపులు కడుతుంటే, మట్టంట!"

మా బావ గోడకానుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. వారం తిరిగేసరికి లోవకి పప్పు లేకపోతే ముద్ద దిగేది కాదు. దాంతోపాటు వాగుడు కూడా మొదలైంది. కాకి ఎందుకు నలుపు, నాన్న మీసం ఎందుకు గుచ్చుకుంటుంది, అన్నీ కావాలి. మా ఇంట్లో పొరుగువాళ్ళ గిన్నె కనపడితే చాలు, "ఉత్త గిన్నె ఇవ్వకూడదమ్మా!" అని నానమ్మ లాగే నడుం మీద చెయ్యేసుకుని, అందులో ఓ చిక్కుడుకాయో బెల్లం ముక్కో పడేసేదాకా ఊరుకునేది కాదు.

ఆ ఏడాది నేను దాని నెత్తి వాసన చూడటం మానేశాను. పొద్దున్నే లేచి సూటిగా పొయ్యి దగ్గరికే వెళ్ళేదాన్ని.

భయం పోయాక అందరం ధైర్యవంతులమైపోయాం. పులుపు లేబులోనే తీసుకోవాలి, ఇంకో ఇంటి గరిటె కూడా మన కుండలో పడకూడదు అని మేడంగారి నియమం. మర్చిపోని కుండకి నియమాలేంటి? ఎవరింట్లో కుండ పగిలినా, పిల్లాడు ఒలకబోసినా కాకినాడ దాకా ఎవరు పోతారు, పక్క ఊళ్ళో ఉన్న తల్లి దగ్గరే ఓ గిన్నెడు తెచ్చుకునేవాళ్ళం. గిన్నె తిరిగివ్వాల్సి వస్తే ఉత్తది ఇవ్వం కదా. మన కుండలోంచి ఓ గరిటెడు పోసి ఇచ్చేవాళ్ళం. అలా అన్నవరం నుంచి ఉప్పాడ దాకా మా కుండలన్నీ చుట్టాలైపోయాయి.

నాకు అలా దగ్గరైంది నూకరత్నం. ఉప్పాడ నుంచి చేపల గంపతో మా పేటకొచ్చేది. వాళ్ళబ్బాయి దుర్గబాబు లోవకంటే పెద్దవాడు. జబ్బు ఆలస్యంగా బయటపడింది, మాట రాలేదు. సమవాటా పులుపు మొదలెట్టాక ఒకరోజు 'అమ్మ' అన్నాడట. ఆ రోజు మా గుమ్మంలో గంప దింపి, "మేడంగారు సూసారంటే ఏటనుకుంటారో గాని, ఆవిడ కాళ్ళకి సముద్రం నీళ్ళు తెచ్చి కడగాలనుంది తాయారూ," అంది.

ఎండలు ముదిరేవేళ నూకరత్నం ఓ స్టీలు గిన్నెతో వచ్చింది. గిన్నె అంచున చుక్కలు కొట్టి ఆవిడ పేరు చెక్కి ఉంది. అడుగున ఓ గరిటెడు తరవాణి.

"మా కుండ పల్సబడినట్టుందే. ఎండకేమో. అడగటానికొచ్చి ఉత్త గిన్నె సాపకూడదని మాది కొంచెం తెచ్చాను. నీ కుండలో కలిపేసుకో. ఎండ సల్లబడ్డాక సిక్కటిది నింపి ఉంచు, మళ్ళీ వచ్చినప్పుడు అట్టుకెళ్తాను."

కలిపేశాను. అందులో ఆలోచించడానికేముంది?

తరవాత ఒకట్రెండు రోజులు లోవ పెందరాళే పడుకుంటోంది. ఎండ దెబ్బనుకున్నాను. కాకి గురించి అడగడం లేదు. అలసటనుకున్నాను. ఆ పొద్దున కుండ మూత తీసేసరికి కుండ అడుగు కనిపించింది. తెల్లగా ఉండాల్సిన తరవాణి బావి నీళ్ళలా తేరిపోయి ఉంది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. పులుపు లేదు.

"అత్తా, కుండ కడిగేశావా?"

"నేనెందుకు కడుగుతానే?"

కుండ అలాగే వదిలేసి పక్క దగ్గరికి పరిగెత్తాను. లోవ నెత్తి మీద ముక్కు పెట్టాను. నూనె కింద, చెమట కింద, తడి గోనెసంచి.

దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడటం లేదు. మా బావ దాన్ని భుజాన వేసుకుని ఆటో ఎక్కేలోపల మూర్ఛ వచ్చింది.

లేబు వరండా అంతా తల్లులు, పిల్లలే. అందరి కుండలూ అదే వారంలో తేరిపోయాయి. మేడంగారు రెండు రోజులుగా ఇంటికెళ్ళినట్టు లేరు, జడ ఊడిపోయి ఉంది. గుమ్మంలో నిలబడి చెప్పారు.

"చీడ పట్టింది. మనకి జలుబు పట్టినట్టే ఈ సూక్ష్మజీవులకీ వైరస్ పడుతుంది."

"ఇంతకుముందు ఎప్పుడూ పట్టలేదేంటండీ?" అని మా బావ అడిగాడు.

"పట్టే ఉంటుంది. కుండలో కోట్లుంటాయి, ఏదో ఒక వాటా అందని పిల్లకి పడిన తప్పే దానికి కవచమై ఉంటుంది. అది బతికి మళ్ళీ కుండ నింపి ఉంటుంది. మనకి తెలియను కూడా తెలియదు." ఆవిడ గొంతు తగ్గింది. "నేను తప్పే పడకుండా చేశాను. అన్నీ ఒకే అచ్చు. ఒకదాన్ని చంపింది అన్నిటినీ చంపింది. తప్పు వచ్చే తలుపు మూస్తే, మార్పు వచ్చే తలుపూ అదేనని నాకు తెలుసు. తెలిసీ, మీ పిల్లలు బాగుంటే చాలనుకున్నాను."

ఎవరూ ఆవిడనేమీ అనలేదు. అనడానికి ఇంకొకరు కావలసి వచ్చారు.

"ముందు ఉప్పాడావిడ కుండే పోయిందట."

"చేపల చేతుల్తో ముట్టుకుంటే చీడ పట్టకేం చేస్తుంది!"

నూకరత్నం దుర్గబాబుని ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంది. "నా కొడుకు నోట్లో ఉన్న ఒక్క మాటా పోయింది తల్లీ. నాకేటి సరదానా?" అని నా వైపు చూసింది. తను ఒక్కతే కాదు, మేమందరం గరిటెలు మార్చుకున్నాం. ఆ మాట నేను అనాలి. నా ఒళ్ళో లోవ నోటి చివర నురగ తుడుస్తూ తల దించుకున్నాను.

ఇంటికొచ్చాక నూకరత్నం స్టీలు గిన్నెని మరిగే నీళ్ళతో కడిగి, ఉత్తదే బావ చేత పంపించేశాను.

మా అత్త చూసింది. "పగవాళ్ళింటికి కూడా ఉత్త గిన్నె పంపరే అమ్మాయ్," అని మాత్రం అంది.

లోవకి మళ్ళీ కొలిచిన అన్నం, ఉడికించిన బీరకాయ. వాసన మెల్లగా తగ్గింది. మాట రాలేదు. పప్పు గిన్నె వైపు చెయ్యి చూపించి, నేను తల అడ్డంగా ఊపితే, ఏడవకుండా కంచం పక్కకి జరిపేసేది. అది ఏడ్చినా బాగుండును.

కొన్నాళ్ళకి మేడంగారు మళ్ళీ తల్లులందరినీ పిలిచారు. నూకరత్నం రాలేదు. వరండాలో కుండలు వరసగా పెట్టి ఉన్నాయి.

"ఇది పాత పులుపు. మర్చిపోయే పులుపు. చలిపెట్టెలో దాచి ఉంచాను. ఇలాగే ఇస్తే మీ ఇళ్ళల్లో ఉన్న చీడ దీన్నీ చంపేస్తుంది. ఇందులో వాటా అందని పిల్లలు ఇంకా పుడతాయి. మీ ఇంటికి తీసుకెళ్ళి, చచ్చిపోయిన తరవాణి ఒక గరిటె ఇందులో పొయ్యండి."

"చీడనా? మేమే పొయ్యాలా?"

"అవును. ముందు అంతా చచ్చిపోతుంది. నీళ్ళు తేరిపోతాయి. పారబొయ్యద్దు, కొంచెం కొంచెం గంజి పోస్తూ ఉండండి. ఏదైనా బతికితే మళ్ళీ తెల్లబడుతుంది. నాకు తెచ్చివ్వండి."

"మీ లేబులోనే చెయ్యొచ్చు కదండీ?" అన్నాను.

"చేశాను తాయారూ. బతికాయి కూడా. పని చెయ్యడం లేదు." గాలిలో వేలితో గడపలాగా గీశారు. "మనం విరిచెయ్యమంటున్న ముక్క ఏ తలుపులోంచి లోపలికెళ్తుందో, చీడ కూడా ఆ తలుపులోంచే వెళ్తుంది. బతికినవన్నీ తలుపు మూసేసుకుని బతికాయి. చీడా రాదు, ముక్కా రాదు. నాకు కావలసింది తలుపు మూసుకున్నది కాదు. గుమ్మం కొంచెం మార్చుకున్నది. చీడకి పట్టకుండా, ముక్కకి పట్టేలాగా. అలాంటి తప్పు చాలా అరుదు. మీ గంజి వేరు, మీ నీళ్ళు వేరు, మీ వంటింటి వేడి వేరు. ఎక్కడ పడుతుందో నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఇన్ని కుండలు."

అందరం తలో కుండా ఎత్తుకున్నాం. ఒక కుండ మిగిలిపోయింది.

"అది ఎవరిదండీ?"

"నూకరత్నానిది."

ఆ రెండు కుండలతో, చంకలో లోవతో ఉప్పాడ బస్సెక్కాను. సముద్రం కోసేసిన రోడ్డు దగ్గర దిగి, రాళ్ళ పక్కనుంచి నడిచాను. నూకరత్నం ఇంటి ముందు వల మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని తిరగేస్తోంది. నన్ను చూసి తిరగెయ్యడం ఆపలేదు.

"ఉత్త గిన్నె పంపావు కదే."

"పంపాను."

"ఉడుకునీళ్ళతో కడిగి మరీ."

"అవును అక్కా."

"మరిప్పుడీ కుండేటి?"

అరుగు మీద కూర్చుని చెప్పాను. మేడంగారు చెప్పినట్టు కాదు, నాకొచ్చినట్టు. ఒక తల్లికి ఇద్దరు పిల్లలు పుడితే, ఒకదానికి వాటా అందకపోతే, అది తప్పుల తడకగా పెరుగుతుందని. మంచి కాలంలో ఆ పిల్ల వల్లే నష్టమని. చీడ కాలంలో ఇంటిని నిలబెట్టేది అలాంటి పిల్లే కావచ్చని. ఇప్పుడు ఆ పిల్లనే వెతుకుతున్నామని.

నూకరత్నం నెత్తళ్ళు వదిలేసి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ నన్నొద్దన్నారు. ఇప్పుడు వాటా అందనోళ్ళు కావాల్సొచ్చారా?"

"వాళ్ళన్నారు. నేను అనకుండా ఊరుకున్నాను. రెండూ ఒకటే అక్కా."

ఇంటి పంచన దుర్గబాబు కూర్చుని ఉన్నాడు. లోవ వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. మునుపైతే వాడికి ఊపిరాడకుండా కబుర్లు చెప్పేది. ఇద్దరూ సముద్రం వైపు చూస్తూ అలాగే ఉండిపోయారు. నూకరత్నం వాళ్ళిద్దర్నీ చూసింది. లేచి వచ్చి కుండ అందుకుంది.

"ఈ నీళ్ళు ఉప్పగుంటాయి మరి. మీ మేడంతో సెప్పు, మళ్ళీ నన్నంటే ఊరుకోను."

ఎదురుచూడటం మొదలైంది. నా కుండ మేడంగారు చెప్పినట్టే తేరిపోయింది. రోజూ గంజి పోసి, మూత తీసి, అడుగు కనిపిస్తే మూత పెట్టేసేదాన్ని. మా అత్త కుండకి బొట్టు పెట్టింది. ఒక పొద్దున అడుగు మసగ్గా కనిపించింది. కేక పెట్టాను. బావ పనికెళ్ళకుండా కుండ ఒళ్ళో పెట్టుకుని కాకినాడ వెళ్ళాడు. సాయంత్రం దిగులుగా తిరిగొచ్చాడు.

"మూసుకున్న తలుపే."

తునిలో ఒకరిది తెల్లబడింది. మూసుకున్న తలుపే. సామర్లకోటలో ఒకరిది, అదే. ఒక్కో కబురూ వచ్చినప్పుడల్లా లోవ కంచంలో బీరకాయ ముక్కలు ఇంకొంచెం రంగు తగ్గినట్టుండేవి.

ఓ మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. నూకరత్నం. గంప లేదు. రెండు చేతులతో పేరు చెక్కిన స్టీలు గిన్నె పట్టుకుంది, పైన తడిగుడ్డ కట్టి.

"సూడు."

గుడ్డ తీసింది. పాలలా తెల్లగా ఉంది. పైన చిన్న బుడగ ఒకటి తేలి పగిలింది.

ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఇక్కడికెందుకు తెచ్చావు? లేబుకి పద!"

"నాకొక్కదానికి ఎళ్ళాలంటే బయమేసింది," అంది.

లేబులో మేడంగారు లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది, చేపల వాసన. ఎంతసేపో. తలుపు తీసుకుని వచ్చిన మేడంగారు కుర్చీ ఉండగా మా ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"గుమ్మం మార్చుకుంది. తలుపు తెరిచే ఉంది."

నాకు అర్థమయ్యేలోపల నూకరత్నం ఏడ్చేసింది. మేడంగారు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

"మరి మా దుర్గబాబు?"

మేడంగారు అబద్ధం చెప్పలేదు. "ఇంకా పోకుండా ఆపుతుంది నూకరత్నం. పోయింది ఎంత తిరిగొస్తుందో చెప్పలేను. వాడికి వయసు దాటింది."

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడిది ఎంతొస్తే అంతేలే. దీని పిల్లది సిన్న వయసు. ముందు దానికి తొందరగా పట్టించండి."

మేడంగారు సమవాటా దారాన్ని పూర్తిగా తియ్యలేదు, పూర్తిగా ఉంచనూ లేదు. చాలామందికి వాటా అందుతుంది, అక్కడక్కడ ఒక పిల్లకి కావాలనే అందదు. ఆ మాట చెప్పేటప్పుడు నా కళ్ళల్లోకి చూడలేదు.

"అంటే కుండ మళ్ళీ మర్చిపోతుందాండీ?"

"ఎప్పుడో ఒకప్పుడు. నీ ముక్కుకి మళ్ళీ పని పెట్టాను."

పెట్టుకోనీ. ఇప్పుడు రోజూ పొద్దున్నే లోవ నెత్తి వాసన చూస్తున్నాను. కొన్నిసార్లు బావని లేపుతున్నాను. అతను విసుక్కోవడం మానేశాడు.

కొత్త తరవాణి తాగిస్తూ వారాలు గడిచినా లోవ నోరు విప్పలేదు. మళ్ళీ పప్పు మొదలుపెట్టాం, ఊసెయ్యలేదు, అడగలేదు. పెట్టింది తినేది. మా అత్త ముడుపుల సంగతి ఎత్తడం మానేసింది.

మొన్న పొద్దున నూకరత్నం వస్తానని కబురు పంపితే, లేబు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయిన ఆవిడ గిన్నె తోమి, గుడ్డతో తుడిచి గుమ్మం పక్కన పెట్టాను. లేబు నుంచి తప్ప ఇంకెక్కడినుంచీ పులుపు పుచ్చుకోకూడదు, ఇవ్వకూడదు అని మేమంతా ఒట్టేసుకున్నాం. అందుకని ఏం వెయ్యాలో తోచక, అలాగే పెట్టేసి పొయ్యి వైపు తిరిగాను.

వెనకనుంచి వినిపించింది. బొంగురుగా, వాడక తుప్పుపట్టిన తలుపులాగా.

"అమ్మా. ఉత్త గిన్నె."

తిరిగి చూశాను. లోవ కంచం ముందు నుంచి లేచి, పప్పన్నం అంటిన చెయ్యి నడుం మీద వేసుకుని నిలబడి ఉంది. నానమ్మ లాగే.

పొయ్యి మీద గంజి పొంగిపోతున్నా నేను అటు తిరగలేదు. గిన్నె తెచ్చి దాని ముందు పెట్టాను. ఏం వెయ్యాలో అదే చూసుకుంది.